విదేశీ విలేకరి కావాలంటే యాడ మొదలుపెట్టాల?

పోయిన నెల ఒక ఉత్తరానికి జవాబు చెబుతూ, నేను రెండేళ్ళు కొలంబోలో విదేశీ విలేకరిగా, అంటే మన పత్రిక తరఫున పరాయి దేశంలో ఉండి వార్తలు పంపే మనిషిగా ఉన్నానని మాటవరసకు ఒక్క ముక్క అన్నాను. అంతే, ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం దాని మీదే. ఆ ఉద్యోగం ఎట్టా వస్తుందని కొందరు, జీతమెంతని కొందరు, ఒకాయనైతే ఏకంగా మా అబ్బాయికి సిఫారసు చెయ్యమని. సిఫారసు చేసేంత పలుకుబడి నాకు లేదు గానీ తెలిసింది చెబుతాను. ఉత్తరాలన్నీ దాదాపు నెల్లూరు, ఒంగోలు వైపు నుంచే వచ్చాయి కాబట్టి చెప్పేది కూడా ఇక్కడి సంగతులు పెట్టుకునే చెబుతా.

ప్రశ్న: నేను బి.ఏ. రెండో సంవత్సరం చదువుతున్నాను. విదేశీ విలేకరి కావాలని చిన్నప్పటి నుంచీ కోరిక. మా నాన్న రొయ్యల సాగు చేస్తారు. మా ఇంట్లో ఎవరికీ ఈ రంగం గురించి తెలియదు. ఏం చదవాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?
ఒక విద్యార్థిని, కావలి

జవాబు: కోర్సు సంగతి ముందు తేల్చేద్దాం అమ్మాయ్. ఢిల్లీలో ఐఐఎంసీ ఉంది, జర్నలిజం నేర్పడానికి 1965లో పెట్టిన కేంద్ర ప్రభుత్వ సంస్థ. అదే ఊళ్ళో జామియా విశ్వవిద్యాలయంలో మాస్ కమ్యూనికేషన్ కేంద్రం ఉంది. మనకు దగ్గరగా చెన్నైలో ఏషియన్ కాలేజ్ ఆఫ్ జర్నలిజం ఉంది, ఫీజు మాత్రం గట్టిగానే ఉంటుంది. ఏది చదివినా మంచిదే, కానీ ఏది చదివినా బయటికి రాగానే ఎవరూ చేతిలో విమానం టికెట్ పెట్టరు. డెస్కులో కొన్నేళ్ళు, రిపోర్టింగులో కొన్నేళ్ళు చేశాక, ఎక్కడో ఒక కుర్చీ ఖాళీ అయ్యి, ఆ సంగతి నీ చెవిన పడి, నీ ఎడిటరుకు నీ మీద గురి ఉంటే, అప్పుడు. చాలామందికి ముప్పై దాటాకే వస్తుంది ఆ పిలుపు.

అందాకా ఏం చెయ్యాలి అంటావా? 'మా ఇంట్లో ఎవరికీ తెలియదు' అని రాశావు చూడు, అక్కడే పొరపడ్డావు. 2025 ఆగస్టు చివర్లో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. మన రొయ్యకు అప్పటికి పెద్ద గిరాకీ ఆ దేశంలోనే. వాషింగ్టన్‌లో ఉన్న విలేకరులు వైట్‌హౌస్ ఇచ్చిన కాగితం చూసి రాశారు, అందులో శాతాలున్నాయి, తేదీలున్నాయి. గుంట గట్టు మీద కూర్చున్న మనిషికి అది ఎట్టా తగిలిందో లేదు. పట్టుబడికి లారీ పంపాల్సిన కొనుగోలుదారు ఫోనెత్తడు, ఎత్తినా 'ఈ కౌంటుకు ఇప్పుడు రేటు లేదు, వారం ఆగండి' అంటాడు. కౌంటంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ లెక్క. వారం ఆగాలంటే ఆ వారమంతా మేత వెయ్యాలి, ఏరియేటర్లు తిప్పాలి, కరెంటు బిల్లు కట్టాలి, ఈలోపు వైట్‌స్పాట్ తెగులు తగిలిందంటే గుంట గుంటే పోయె. అదే సమయంలో ఈక్వడార్ రైతు, రొయ్యల ఎగుమతిలో ప్రపంచంలో మొదటి స్థానం ఆ దేశానిదే, మనకంటే చాలా తక్కువ సుంకంతో అదే అమెరికాకు అమ్ముకున్నాడు. ఈ గట్టునూ ఆ గట్టునూ ఒక్క వార్తలో కలపగలిగితే దాన్నే విదేశీ విలేకరి పని అంటారు. ఆ గట్టు దగ్గరికి ఎప్పుడో ఎవరో పంపాలి, ఈ గట్టు మీ ఇంటి వెనకే ఉంది.

ఒక పని చెయ్యి. కిలోకు ముప్పై తూగే కౌంటు, వంద తూగే కౌంటు, ఈ రెండింటి ధరా ఆరు నెలలపాటు వారం వారం నోట్‌బుక్‌లో రాసుకో. పక్కనే ఆ వారం డాలరు రేటు, అమెరికా చైనాల నుంచి వచ్చిన వార్తల్లో మన సరుకుకు సంబంధించినవి రెండు లైన్లు. పెద్ద రొయ్య ధర ఒక దేశం మాట వింటుందనీ, చిన్న రొయ్య ధర ఇంకో దేశం మాట వింటుందనీ నీకే తెలుస్తుంది. రేపు ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ కంటే ఆ నోట్‌బుక్కే ఎక్కువ మాట్లాడుతుంది, నేనే ఇంటర్వ్యూ చేసేవాణ్ణయితే ఇంకోటి అడగను. ఒక్క జాగ్రత్త. మీ నాన్న చెప్పిన మాటను వార్తలో వాడితే ఆయన మీ నాన్న అని ఎడిటరుకు ముందే చెప్పు. దాచిపెడితే నిజమైన వార్తను కూడా జనం అనుమానంగా చూస్తారు.

ప్రశ్న: సూటిగా అడుగుతున్నా. జీతం ఎంత?
పేరు వద్దన్న పాఠకుడు, ఒంగోలు

జవాబు: సూటిగానే చెబుతా. సంస్థే పంపితే ఇక్కడి జీతానికి తోడు అక్కడి ఇంటద్దె, ఖర్చులకు భత్యం వస్తాయి, బాగానే బతకొచ్చు. కానీ అట్లాంటి కుర్చీలు దేశం మొత్తానికీ చాలా కొద్ది. స్ట్రింగరుగా పోతే ముక్కకింత, వార్త పడితేనే డబ్బు, పడకపోతే బస్సు చార్జీ కూడా మన జేబులోదే. పెళ్ళి సంబంధాల దగ్గర చెప్పుకోడానికి బాగుంటుంది గానీ ఇంటి లోనుకు పోతే బ్యాంకు వాళ్ళు మొహం చిట్లిస్తారు.

ప్రశ్న: నాది పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇంగ్లీషు చదివితే అర్థమవుతుంది, మాట్లాడాలంటే టెన్షన్. నాలాంటివాళ్ళు ఈ కలలు మానుకోవాల్సిందేనా?
బీటెక్ విద్యార్థి, ఒంగోలు

జవాబు: నాదీ తెలుగు మీడియమే నాయనా. తెలుగు పత్రికలో ఎనిమిదేళ్ళు పనిచేశాకే ఇంగ్లీషు పత్రికకు మారాను. మొదటి ఏడాది నా కాపీ తెరపై ఎర్రగా తప్ప నల్లగా ఉన్న రోజు లేదు, అన్ని దిద్దుబాట్లు. విదేశీ వార్తకు కావలసింది పెద్ద పెద్ద మాటలు కాదు. ఎవరు, ఏం అన్నారు, ఎప్పుడు అన్నారు, అన్నట్టు మనకెవరు చెప్పారు, ఈ నాలుగూ చిన్న వాక్యాల్లో పెట్టగలిగితే చాలు. 1851లో లండన్‌లో మొదలైన వార్తాసంస్థ రాయిటర్స్‌కు ఇవాళ బెంగళూరులో పెద్ద ఆఫీసు ఉంది. అక్కడ మన పిల్లలే కూర్చుని అమెరికా కంపెనీల లాభనష్టాలు అమెరికా వేళల్లో రాస్తుంటారు. వాళ్ళలో తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్ళతో నేనే మాట్లాడాను.

భాష గురించి భయం కంటే ధీమా ఎక్కువ దెబ్బ తీస్తుంది, నా సంగతే చెబుతా. నెల్లూరోళ్ళకు తమిళం కొద్దోగొప్పో వస్తుంది, తడ దాటితే అదే కదా, చిన్నప్పుడు మద్రాసులో మా పెదనాన్న వాళ్ళింట్లో సెలవులకుండి నేర్చుకున్నా. ఆ ధైర్యంతోనే 2007లో కొలంబో పోతావా అంటే ఎగిరి గంతేశా. వెల్లవత్తలో గది తీసుకున్నా, కొలంబోలో తమిళులు ఎక్కువగా ఉండే పేట అది. మొదటి రోజే కింద కొట్టాయన నన్ను చూసి 'తమిళ్ కదైప్పీంగళా?' అన్నాడు. కదై అంటే కథ. ఈయన నన్ను కథ చెప్పమంటున్నాడేంది ఖర్మ అనుకుని, నాకు కథలు రావండీ, నేను వార్తలు రాస్తాను అని మద్రాసు తమిళంలో జవాబిచ్చా. ఆయన నవ్వలేక పొట్ట పట్టుకున్నాడు. శ్రీలంక తమిళంలో కదైక్కడమంటే మాట్లాడడం. తమిళం మాట్లాడతారా అని అడిగాడంతే. వచ్చు అనుకున్న భాష రాదని తెలుసుకోడానికి నాకు ఒక్క సబ్బు బిళ్ళ కొన్నంత సేపు పట్టింది, మళ్ళీ నేర్చుకోడానికి ఆరు నెలలు.

ఇంగ్లీషుకు తోడు ఇంకో భాష పట్టుకో. హైదరాబాదులో ఇఫ్లూ అని కేంద్ర విశ్వవిద్యాలయం ఉంది, అరబిక్, చైనీస్, స్పానిష్, రష్యన్ లాంటివి నేర్పుతారు. మీ పక్కనే చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ చైనాకు పోతుంది. ఆ బేరాల్లో చైనీస్ వచ్చిన ఒంగోలు కుర్రాడు ఒకడుంటే వాడికి విలేకరి ఉద్యోగం రాకపోయినా తిండికి లోటుండదు.

ప్రశ్న: మన ఒంగోలు ఆవు బ్రెజిల్‌లో 40 కోట్లకు అమ్ముడుపోయిందని పేపర్లలో చదివాను. నిజమేనా? మరి వాళ్ళు దాన్ని నెల్లూరు ఆవు అంటారట, ఇదెక్కడి న్యాయం?
ఒక రైతు, మద్దిపాడు

జవాబు: ఇది విలేకరి ఉద్యోగం మీద ప్రశ్న కాదనుకుని పక్కన పెట్టబోయి ఆగాను, నిజానికి అందరికంటే మంచి ప్రశ్న ఇదే.

ముందు న్యాయం సంగతి. 1868లో ఇంగ్లండుకు పోతున్న ఓడ ఒకటి బ్రెజిల్‌లో సాల్వడార్ రేవులో ఆగితే, అందులోని మన పశువుల జత అక్కడే అమ్ముడుపోయిందని ఆ జాతి చరిత్రలో చెబుతారు. ఆ తర్వాత కూడా చాలా తీసుకుపోయారు, 1960ల మొదట్లో పోయినవి ముఖ్యమైనవి. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు నెల్లూరు జిల్లాలోనే ఉండేది. అందుకని తెల్లవాళ్ళు మన గిత్తలను నెల్లూరు పశువులని కూడా అనేవాళ్ళు, బ్రెజిల్‌లో అది నెలోర్ అయి కూర్చుంది. కాబట్టి నెల్లూరోళ్ళ తప్పేం లేదు, ఊరికే మా మీద పడకండి.

ఇక 40 కోట్లు. ఆ ఆవు పేరు వియటినా-19. 2023లో జరిగిన వేలంలో అమ్మింది ఆవును కాదు, ఆవులో మూడో వంతు వాటాను, సుమారు 14 లక్షల డాలర్లకు. ఆ లెక్కన మొత్తం ఆవు విలువ 43 లక్షల డాలర్లు అవుతుందని అన్నారు, మన డబ్బుల్లో 35 కోట్ల పైచిలుకు. మన దగ్గరికి వచ్చేసరికి వాటా ఎగిరిపోయింది, విలువ కాస్తా ధర అయింది, అంకె గుండ్రంగా 40 అయి కూర్చుంది. రాసినవాళ్ళు అబద్ధాలకోరులేం కాదు. రాత్రి తొమ్మిదింటికి ఎక్కడిదో ఇంగ్లీషు ముక్క ముందు పడితే, ఒంగోలు అనే మాట కనపడగానే డెస్కులో ఎవరికైనా చెయ్యి ఆగదు, నాకూ ఆగేది కాదు. అక్కడ మనిషి ఉండి ఉంటే వేలం పాట పాడినవాణ్ణి అడిగేవాడు, ఒక ఆవును ముగ్గురు ఎట్టా పంచుకుంటారయ్యా, పాలు పంచుకుంటారా, పుట్టబోయే దూడల పిండాలు పంచుకుంటారా అని. అసలు వార్త అక్కడుంది. తెలుగు పత్రికకు బ్రెజిల్‌లో మనిషిని పెట్టే స్తోమత ఉండదు, ఒప్పుకుంటా. కానీ ఏజెన్సీ వార్త మొదటి పేరా అనువదించి ఆపకుండా కిందికి చదివితే వాటా సంగతి అక్కడే దొరికేది.

ప్రశ్న: అమెరికా వార్తలు టీవీలో రాత్రే వస్తాయి, మా ఊరికొచ్చే పేపర్లో మాత్రం ఒకరోజు ఆలస్యంగా వస్తాయి. ఎందుకు?
ఉదయగిరి పాఠకుడు

జవాబు: వాషింగ్టన్ మనకంటే ఎండాకాలంలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర గంటలు వెనక ఉంటుంది. వాళ్ళ మధ్యాహ్నం రెండుకు ఏదన్నా జరిగితే మనకు అర్ధరాత్రి. దూరం పోవాల్సిన ఎడిషన్ పేజీలు ముందే మూసేస్తారు, వ్యాన్ తెల్లారేసరికి కొండ దారిన మీ ఊరు చేరాలి కదా. పట్నం ఎడిషన్‌కు ఇంకాస్త టైముంటుంది. మీ తప్పూ కాదు, విలేకరి తప్పూ కాదు.

ప్రశ్న: నేను పన్నెండేళ్ళుగా మండల విలేకరిని. ఒక విదేశీ చానెల్ వాళ్ళు పొగాకు రైతుల మీద తీస్తాం, పక్కన ఉండి సాయం చేస్తావా అని అడిగారు. ఇది చేయదగ్గ పనేనా? ఎంత అడగాలి?
ఒక విలేకరి, కొండపి

జవాబు: తమ్ముడూ, దాన్ని ఫిక్సర్ పని అంటారు. పేరు వినడానికి బాగుండదు గానీ విదేశీ వార్తల్లో సగం బరువు మోసేది వాళ్ళే. మనుషుల్ని వెతికి పెట్టాలి, దారి చూపాలి, ఒకరి మాట ఇంకొకరి భాషలో చెప్పాలి. నేనూ ఒకసారి చేశాను, మొదటి గంటలోనే తిట్లు తిన్నాను.

2004 డిసెంబరు 26, ఆదివారం, పౌర్ణమి. సునామీ వచ్చిన మూడు నాలుగు రోజులకు ఒక విదేశీ విలేకరి చెన్నై నుంచి టాక్సీలో దిగాడు, తీరానికి తోడు పొమ్మని మా ఆఫీసులో చెప్పారు. ఒక పట్టపుపాలెం, అంటే చేపలు పట్టేవాళ్ళ పల్లెకు పోయాం. ఇసకలో పూడుకుపోయిన వలను ఒకామె కూర్చుని వేళ్ళతో తవ్వి తీస్తోంది, కొంచెం లాగడం, చిరిగిన చోటు చూడడం, మళ్ళీ లాగడం. ఏమైందని అడగమన్నాడు. అడిగా. ఆమె వల మీంచి తల ఎత్తకుండా ఐదు నిమిషాలు చెప్పుకుపోయింది. నేను ఆయన వైపు తిరిగి, వాళ్ళ వలలు పోయాయంట అన్నా. ఆయన పెన్ను మూసి నా మొహం చూశాడు. 'ఆమె ఐదు నిమిషాలు మాట్లాడింది, నువ్వు ఒక్క వాక్యం చెప్పావు. మిగతాదంతా నువ్వు మింగేశావా?' అన్నాడు.

కోపమొచ్చింది, సిగ్గేసింది కూడా. మళ్ళీ ఆమె పక్కన ఇసకలో కూర్చుని మొదటి నుంచి చెప్పమ్మా అన్నా. ఆ వలకు డబ్బు చేపల సావుకారు ఇచ్చాడు, పడిన చేప ఆయనకే వెయ్యాలనీ ఆయన చెప్పిన రేటుకే వెయ్యాలనీ షరతు. చాలకపోతే చెవికమ్మలు కుదువ పెట్టింది. ఇప్పుడు వల పోయింది, సావుకారు బాకీ పోలేదు. వల లేనిదే చేప లేదు, చేప లేనిదే బాకీ తీరదు, బాకీ తీరనిదే కమ్మలు రావు. ప్రభుత్వం బియ్యం ఇస్తోంది, కమ్మలిస్తదా అబ్బయ్యా అని అడిగింది నన్ను. ఇదంతా నేను 'వలలు పోయాయి' అని రెండు మాటల్లో తేల్చేశాను, ఎందుకంటే మనకిదంతా తెలిసిన యవ్వారమే, ఇందులో కొత్తేముంది అనుకున్నా. ఆయన వార్త మొదలైంది ఆ కమ్మలతో.

కాబట్టి మొదటి సంగతి, రైతు చెప్పింది చెప్పినట్టు మొత్తం చెప్పు. పొగాకు ఆరబెట్టే బ్యారన్‌కు కట్టెలు ఎంత పడ్డాయి, వేలంలో తక్కువ రకం పొగాకు బేలు ఎన్నిసార్లు వెనక్కి తెచ్చుకున్నాడు, ఇవన్నీ నీకు పాతవే గానీ వాళ్ళకు అవే వార్త. రెండో సంగతి డబ్బు. రోజుకింత అని ముందే మాట్లాడుకుని మెయిల్‌లో రాయించుకో, కారు, తిండి వేరుగా. నీ పేరు చివర్లో వేస్తారో లేదో అదీ అడుగు. నేనప్పుడు మొహమాటపడి ఏం అడగలేదు, ఆయన పోతూ ఒక పెన్ను ఇచ్చిపోయాడు, అది కూడా వారానికే పోయింది.

మూడోది ముఖ్యమైనది. వాళ్ళు జర్నలిస్టు వీసా మీద వస్తున్నారా లేదా కనుక్కో. టూరిస్టు వీసాతో వచ్చి కెమెరా తీస్తే వాళ్ళు విమానమెక్కి పోతారు, స్టేషన్ చుట్టూ తిరిగేది నువ్వు. శాటిలైట్ ఫోన్ తెచ్చారేమో చూడు, అనుమతి లేకుండా తురాయా, ఇరిడియం ఫోన్లు మన దేశంలో వాడకూడదు. డ్రోన్ ఎగరేస్తామన్నా అంతే, కాగితం చూపించమను. ఇంకొకటి, వాళ్ళు ఏ కోణంలో తీస్తున్నారో మొహమాటం లేకుండా అడుగు. పొగతాగడం వల్ల చావుల మీద తీసే సినిమా అయితే తప్పేం లేదు, తియ్యనీ, కానీ ఆ మాట రైతుకు ముందే చెప్పి కూర్చోబెట్టు. రేటు గురించి అని నమ్మించి తీసి రేపు టీవీలో ఇంకోటి వస్తే, ఆ ఊళ్ళో నీకు మళ్ళీ మంచినీళ్ళు పుట్టవు. వాళ్ళకు అది ఒక్కరోజు షూటింగ్, నువ్వు వచ్చే వేలానికి కూడా అక్కడే ఉంటావు.

ప్రశ్న: మా అబ్బాయి జర్నలిజం చదువుతున్నాడు. యుద్ధాలు జరిగే చోటికి పోయి వార్తలు రాస్తానంటాడు. వద్దంటే వినడు. నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు.
ఒక తల్లి, బుచ్చిరెడ్డిపాలెం

జవాబు: అమ్మా, భయం లేదని మీకు అబద్ధం చెప్పను. రాయిటర్స్ ఫోటోగ్రాఫర్ డానిష్ సిద్దిఖీ 2021 జులై 16న అఫ్గానిస్తాన్‌లో స్పిన్ బోల్దక్ దగ్గర చనిపోయాడు. పత్రికా రంగంలో పెద్ద బహుమతి పులిట్జర్ అందుకున్నవాడు, అనుభవం లేక కాదు. అంతకుముందు 2002లో ముంబై నుంచి పనిచేస్తున్న అమెరికా విలేకరి డేనియల్ పెర్ల్‌ను కరాచీలో ఎత్తుకుపోయి చంపారు, ఆయన పోయింది యుద్ధానికి కూడా కాదు, ఒక మనిషిని కలవడానికి.

అయితే ఈ ఉద్యోగంలో ఎక్కువ రోజులు గడిచేది మంత్రుల ప్రెస్ మీట్లలో, వీసా ఆఫీసు క్యూల్లో, ఫోన్ పట్టుకుని. నేనున్న రెండేళ్ళూ శ్రీలంకలో యుద్ధం జరిగింది, నన్ను మాత్రం అక్కడికి పోనివ్వలేదు, స్వతంత్రంగా ఏ విలేకరినీ పోనివ్వలేదు. కొలంబోలో కూర్చుని సైన్యం చెప్పిన చావుల లెక్క, వాళ్ళతో పోరాడుతున్న ఎల్టీటీఈ పులులు చెప్పిన లెక్క రెండూ పక్కపక్కన పెట్టి, ఎవరు చెప్పింది వాళ్ళ పేరు మీద రాసేవాణ్ణి. రెండు లెక్కలూ ఎన్నడూ కలవలేదు. ఇంటికి రోజూ రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చెయ్యాలని మా అమ్మ ఒట్టు వేయించుకుంది. ఒకరోజు కరెంటు పోయి, ఫోన్ చార్జింగ్ లేక చెయ్యలేదు. తెల్లారి చేస్తే ఆమె రాత్రంతా వీధి అరుగు మీదే కూర్చుందని మా చెల్లెలు చెప్పింది.

మీ అబ్బాయిని వద్దనకండి, షరతులు పెట్టండి. ప్రమాదకరమైన చోట్లకు పోయేవాళ్ళకు ప్రథమ చికిత్సతో కలిపి భద్రతా శిక్షణ ఇస్తారు, అది చేశాకే పోవాలి. పంపే సంస్థ ఇన్సూరెన్స్ కాగితం ఇంట్లో ఉండాలి. ఫలానా టైముకు ఫోన్ రాకపోతే ఆఫీసులో ఎవరికి చెప్పాలో ఆ నంబరు మీ దగ్గర ఉండాలి. ఇవేవీ ఇవ్వకుండా నువ్వు పోయి రా, వార్త బాగుంటే చూస్తాం అనే సంస్థ అయితే అప్పుడు కాళ్ళకడ్డం పడండి, నేనూ మీ పక్కనే పడతా.

ప్రశ్న: పాకిస్తాన్, చైనాల్లో మన విలేకరులు లేరంటున్నారు. నిజమా?
నెల్లూరు పాఠకుడు

జవాబు: 2014 మేలో ఇస్లామాబాద్‌లో ఉన్న మన విలేకరులే ఇద్దరు, ఒకరు ది హిందూ పత్రిక, ఒకరు పీటీఐ వార్తాసంస్థ. వారంలో వెళ్ళిపొమ్మన్నారు. చైనాలో 2023 మొదట్లో నలుగురున్నారు, ఏడాది సగానికొచ్చేసరికి చివరాయన్ని కూడా వెళ్ళమన్నారు. మనమూ వాళ్ళ విలేకరుల వీసాలు పొడిగించలేదు, అది కూడా చెప్పుకోవాలి. నష్టం ఎవరికంటే, చైనాలో ఇళ్ళు కట్టడం తగ్గితే చీమకుర్తి యార్డులో దిమ్మలు నిలబడిపోతాయి, ఎందుకు తగ్గిందో మన కళ్ళతో చూసి రాసే మనిషి అక్కడ లేకపోతే క్వారీ యజమానికీ తెలియదు, డ్రిల్లర్‌కూ తెలియదు.

ప్రశ్న: మన ప్రాంతం నుంచి ముందు తరాల్లో ఇట్లా దూరం పోయి పత్రికల్లో పనిచేసినవాళ్ళున్నారా?
చీరాల పాఠకురాలు

జవాబు: చీరాల నుంచే అడుగుతున్నారా ఈ మాట! 1938లో లక్నోలో నేషనల్ హెరాల్డ్ మొదలైతే దానికి మొదటి ఎడిటర్ కోటంరాజు రామారావు గారు, మీ ఊరాయనే. వాళ్ళన్న పున్నయ్య గారు కరాచీలో సింధ్ అబ్జర్వర్ నడిపారు. అప్పటికి కరాచీ విదేశం కాదు.

ప్రశ్న: 1990లో మా తమ్ముడు కువైట్‌లో చిక్కుకుపోతే మేం పత్రికాఫీసు ముందు రాత్రిళ్ళు నిలబడ్డాం. ఫోన్లు లేని ఆ రోజుల్లో మీకు వార్తలు ఎట్టా వచ్చేవి?
విశ్రాంత ఉపాధ్యాయుడు, ఆత్మకూరు

జవాబు: మాస్టారూ, ఆ నిలబడ్డవాళ్ళలో మీరున్నారేమో, లోపల నేనున్నాను. డెస్కులో కొత్తగా చేరిన సబ్ ఎడిటర్‌ని. ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగింది. మాకొచ్చే దారి ఒక్క టెలిప్రింటరే, ఇంగ్లీషులో టకటకా కొట్టుకుంటూ కాగితం చుట్ట నేల మీదికి జారేది, దాన్ని చింపి అనువదించేవాళ్ళం. అన్నీ అమ్మాన్ నుంచి వచ్చిన వార్తలే, ఎందుకంటే మనవాళ్ళు ఇరాక్ మీదుగా ఎడారిలో ప్రయాణం చేసి జోర్డాన్ రాజధాని చేరితేనే ఎయిరిండియా విమానం. మొత్తం 488 విమానాల్లో లక్షా 70 వేలకు పైగా మనుషుల్ని తెచ్చారు, కానీ ఆ రాత్రుల్లో ఆ అంకెలు ఎవరికీ తెలియవు. గేటు దగ్గర లుంగీలో నిలబడ్డ ఒక పెద్దాయన 'అయ్యా, అమ్మానంటే యాడుండాది, మావాడు ఉండేది కువైటు గదా' అన్నాడు. నాకూ తెలియదు. లోపలికి పోయి మా ఫోర్‌మన్ కొడుకు స్కూలు అట్లాసు తెచ్చి గేటు లైటు కింద చూపించా, ఇది కువైట్, ఇది బాగ్దాద్, ఇది అమ్మాన్. ఆయన వేలు పెట్టి కొలిచి, జానెడే గదా, వచ్చేస్తాడులే అన్నాడు. విదేశీ వార్త అంటే నాకు పిచ్చి పట్టింది ఆ రాత్రే.

ప్రశ్న: మరి మీరు కొలంబో నుంచి ఎందుకు వచ్చేశారు?
గూడూరు పాఠకుడు

జవాబు: 2009 మేలో యుద్ధం అయిపోయింది. వారం తిరక్కముందే ఆఫీసు నుంచి ఫోన్, ఇక అక్కడ వార్తేముంది, వచ్చేయ్ అన్నారు. వవునియా దగ్గర ముళ్ళ కంచెల వెనక శిబిరాల్లో రెండున్నర లక్షలకు పైగా జనం ఉన్నారు, వార్త ఇప్పుడే మొదలైంది సార్ అన్నా. అద్దె ఈ నెలాఖరు వరకే కడతామన్నారు. రెండేళ్ళ పని, ఆ ఫోన్ మాట్లాడింది నాలుగు నిమిషాలు.

గది ఖాళీ చేసిన రోజు కొట్టాయన వచ్చి సామాను కట్టడానికి సాయం చేశాడు. 'ఇని ఆరోడ కదైక్కిరదు?' అన్నాడు, ఇంకెవరితో మాట్లాడేది అని. ఆయన తమ్ముడి కుటుంబం ఆ శిబిరాల్లోనే ఎక్కడో ఉంది, నాకు ఏదన్నా తెలిస్తే చెబుతానేమోనని ఆయన రోజూ పొద్దున నా గదికి వచ్చేవాడు. నేను చెప్పగలిగింది ఏమీ ఉండేది కాదు, అయినా వచ్చేవాడు. టేబుల్ ఫ్యాన్ ఆయనకిచ్చేశాను. రైస్ కుక్కర్ మాత్రం తెచ్చుకున్నా, ఇప్పటికీ పనిచేస్తోంది.